ప్రొపెల్లర్ ఆగిపోయినట్టు పడుతోంది: పాత విమానాలు, విన్యాస విమానాల ఫోటోలకి సలహా కావాలి

కొత్తకెమెరా | ఆదివారం, రాత్రి 9:12

అందరికీ నమస్కారం. ఏడాదిగా ఇక్కడ అందరి పోస్టులూ చదువుతున్నాను, రాయడం మాత్రం ఇదే మొదటిసారి.

నిన్న ఎయిర్ షోలో మస్టాంగ్ ఎగరడం కళ్ళారా చూశాను. పీ-51డీ, రెండో ప్రపంచ యుద్ధం నాటి యుద్ధవిమానం. ఆ మెర్లిన్ ఇంజన్ మోత నెత్తిమీదుగా సాగిపోతుంటే కెమెరా పట్టుకున్న చేతులు వణికాయి. 600 పైచిలుకు ఫోటోలు తీశాను. ఇంటికొచ్చి పెద్ద తెరమీద చూస్తే దాదాపు ఏదీ చెదరలేదు, తోకమీద చిన్న అక్షరాలు కూడా చదవొచ్చు. సంబరంగా మా అమ్మాయిని పిలిచి చూపిస్తే, "నాన్నా, ఇది బొమ్మ విమానమా? దారం ఎక్కడ కట్టారు?" అంది.

అప్పుడు చూశాను. నాలుగు బ్లేడ్లూ ఎక్కడివక్కడ బిగుసుకుపోయి ఉన్నాయి. ఇంజన్ ఆగిన విమానం గాల్లో వేలాడుతున్నట్టుంది. నేను చూసింది అది కాదు, విన్నది అసలే కాదు.

సెట్టింగులు: 400 ఎంఎం లెన్స్, షటర్ 1/2000 సెకను, ఎఫ్/5.6, ఐఎస్ఓ 400. షటర్ ఎంతకి తగ్గించాలి? ఇంకో సంగతి, సగం ఫోటోల్లో విమానం కడుపు నల్లగా పడింది. దానికేం చేయాలో కూడా చెప్పండి.


పాతఇంజన్ | ఆదివారం, రాత్రి 10:05

స్వాగతం కొత్తకెమెరా గారూ. మీ అమ్మాయి సరిగ్గా పట్టుకుంది.

విమానం ఎంత వేగంగా పోతోందన్నది కాసేపు పక్కన పెట్టండి. ప్రొపెల్లర్ నిమిషానికి ఎన్ని చుట్లు తిరుగుతోందో చూడండి. ఆ అంకెని 6తో గుణించి, షటర్ స్పీడ్‌లో కింది అంకెతో భాగించండి. షటర్ తెరిచి ఉన్నంతసేపట్లో బ్లేడు ఎన్ని డిగ్రీలు తిరిగిందో వస్తుంది. నా కెమెరా సంచిలో ఒక చీటీమీద ఇదే రాసి పెట్టుకుంటాను.

మీ మస్టాంగ్ సంగతే చూద్దాం. మెర్లిన్ ఇంజన్ గరిష్ఠంగా 3000 చుట్లు తిరుగుతుంది. కానీ ఇంజన్‌కీ ప్రొపెల్లర్‌కీ మధ్య గేర్ ఉంటుంది, అందులో సగంకంటే కొంచెం తక్కువే ప్రొపెల్లర్ దాకా వస్తుంది. పెద్ద బ్లేడ్ల కొసలు ధ్వని వేగాన్ని అందుకుంటే ఈడ్చే బలం పోయి మోత మిగులుతుంది, అందుకని తగ్గించారు. ప్రదర్శనలో ఇంజన్ 2400 దగ్గర ఉందనుకుంటే ప్రొపెల్లర్ సుమారు 1150. మీ 1/2000కి బ్లేడు కదిలింది మూడున్నర డిగ్రీలు. బొమ్మలా కనిపించక ఏం చేస్తుంది? ఒక బ్లేడు మసక పక్క బ్లేడుదాన్ని అందుకుంటే ప్రొపెల్లర్ నిండు చక్రంలా పడుతుంది. 1/160కి 43 డిగ్రీలు. 1/80కి 86. నాలుగు బ్లేడ్ల మధ్య ఎడం 90 కాబట్టి అక్కడ చక్రం దాదాపు నిండుతుంది.

ఇప్పుడు విన్యాస విమానం ఎక్స్‌ట్రా 300 తీసుకోండి. దానికి గేర్ లేదు, లైకమింగ్ ఇంజన్ 2700 తిరిగితే ప్రొపెల్లర్ కూడా 2700. 1/250కే 65 డిగ్రీలు, 1/125కి 130. మూడు బ్లేడ్ల మధ్య ఎడం 120, అంటే చక్రం పూర్తి. యుద్ధవిమానం కదా, ప్రొపెల్లర్ ఇంకా జోరుగా తిరుగుతుందనుకుంటాం. నిజానికి చిన్న విన్యాస విమానందే ఎక్కువ జోరు, ఫోటోగ్రాఫర్‌కి అదే ఎక్కువ కనికరం చూపిస్తుంది. పాత శిక్షణ బైప్లేన్ (రెండంతస్తుల రెక్కలది) టైగర్ మాత్‌కి రెండే బ్లేడ్లు, 2000 దగ్గర తిరిగితే 1/125కి 96 డిగ్రీలు, ఎడంలో సగం దాటుతుంది. గ్రిఫాన్ ఇంజన్ పెట్టిన ఐదు బ్లేడ్ల స్పిట్‌ఫైర్‌కి 72 డిగ్రీలు తిరిగితే చాలు.


షటర్‌చప్పుడు | ఆదివారం, రాత్రి 10:48

> 1/80కి 86. నాలుగు బ్లేడ్ల మధ్య ఎడం 90 కాబట్టి అక్కడ చక్రం దాదాపు నిండుతుంది.

లెక్క సరే పాతఇంజన్ గారూ, కానీ కొత్తవాళ్ళకి 1/80 చెప్పి పంపిస్తే ఏడుస్తూ తిరిగొస్తారు. నేను అలాగే వచ్చాను. చాలా ఏళ్ళ క్రితం, మళ్ళీ ఎప్పుడు ఎగురుతుందో తెలియని ఒక బాంబర్ వచ్చింది. పూర్తి చక్రం కావాలన్న పట్టుదలతో మొదటినుంచి చివరిదాకా 1/60కే తీశాను. ఒక్కటంటే ఒక్కటి మిగల్లేదు. ఆ బాధ ఇప్పటికీ ఉంది.

కొత్తకెమెరా గారూ, విమానం ఎన్నిసార్లు వస్తుందో లెక్కేసుకోండి. మొదటిసారి 1/320కి తీయండి. మస్టాంగ్ బ్లేడు అప్పటికే 20 డిగ్రీలు తిరుగుతుంది, బొమ్మలా కనిపించదు, పైగా చాలావరకు స్పష్టంగా పడతాయి. అవి చేతిలో పడ్డాక 1/200. ధైర్యం వచ్చాక 1/125. పైలట్ ముఖం చెదిరిపోయి చక్రం మాత్రం గుండ్రంగా ఉన్న ఫోటోకంటే, 30 డిగ్రీల మసకతో కాక్‌పిట్ పదునుగా ఉన్న ఫోటో ఎన్నో రెట్లు మేలు. నా అభిప్రాయం ఇదే, మార్చుకోను.

జెట్‌లకి ఈ గొడవ లేదు, 1/1600 పెట్టి నిశ్చింతగా తీసుకోవచ్చు.


మేఘమాల | సోమవారం, ఉదయం 6:30

షటర్‌చప్పుడు గారి మెట్ల పద్ధతికే నా ఓటు. అయితే 1/125 దాకా దిగాలంటే కెమెరా కంటే ముందు ఒంటిని సిద్ధం చేసుకోవాలి. ఈ సంగతి తొందరగా ఎవరూ చెప్పరు.

విమానం ఎక్కడ ఉన్నప్పుడు ఫోటో కావాలో ముందే అనుకుని, పాదాలు రెండూ అటువైపు పెట్టి నిలబడండి. తర్వాత నడుముదాకా మాత్రమే వెనక్కి తిరిగి, దూరంగా చుక్కలా ఉన్నప్పుడే విమానాన్ని వ్యూఫైండర్‌లోకి తీసుకోండి. అది దగ్గరికొచ్చే కొద్దీ నడుము దానంతటదే విప్పుకుంటుంది, మీరు అనుకున్న చోట ఒళ్ళు నిటారుగా, తేలిగ్గా ఉంటుంది. చాలామంది విమానం ఉన్న వైపు పాదాలు పెట్టి మొదలుపెడతారు. తీరా ఎదురుగా వచ్చేసరికి ఒళ్ళు మెలిపడి కెమెరా కుదుపుతుంది. బర్స్ట్ (వరుసగా తీసే ఫోటోలు) అయిపోగానే ఆపేయకండి, ఇంకో రెండు క్షణాలు విమానంతోనే తిరగండి. ఆపాలన్న ఆలోచన రాగానే చెయ్యి ముందే బిగుసుకుంటుంది.

మోచేతులు పక్కటెముకలకి ఆనించాలి. ఎడమచెయ్యి లెన్స్ కింద, ముందుకి. లెన్స్‌లో స్థిరీకరణకి రెండో మోడ్ ఉంటే అదే పెట్టండి. ప్యానింగ్ (విమానంతోపాటు కెమెరా తిప్పడం) దిశలో అడ్డుపడకుండా పైకీ కిందికీ కదిలే వణుకునే ఆపుతుంది.

ఒక హెచ్చరిక. విమానం అడ్డంగా, మనకి సమాంతరంగా వెళ్ళేటప్పుడే నిదానమైన షటర్ బాగా పనిచేస్తుంది. ఏటవాలుగా మనవైపు తిరుగుతున్నప్పుడు ముక్కు ఒక వేగంతో, తోక ఇంకో వేగంతో ఫ్రేమ్‌లో కదులుతాయి. ఎంత బాగా ప్యాన్ చేసినా రెండూ కలిసి పదునుగా రావు. అప్పుడు కాక్‌పిట్‌ని నమ్ముకోండి. అది స్పష్టంగా ఉంటే తోక కొంచెం చెదిరినా కన్ను క్షమిస్తుంది.

సాధనకి ఎయిర్ షో దాకా ఆగక్కర్లేదు. రోడ్డుమీద సైకిళ్ళు, బైకులు చాలు. ఎగిరే పక్షులైతే ఇంకా మంచిది.


కొత్తకెమెరా | సోమవారం, రాత్రి 8:20

ఇంత ఓపిగ్గా చెప్పారు, అందరికీ చాలా చాలా థాంక్స్. సాయంత్రం రోడ్డుపక్కన గంటసేపు నిలబడి సైకిళ్ళు తీశాను. 1/125కి పదింటికి ఒకటి వస్తోంది. పాదాల సంగతి తెలియక ముందు 20 ఫోటోలు పాడయ్యాయి, తెలిశాక తేడా వెంటనే కనిపించింది.

ఒక అనుమానం. మొన్నటి వాటిలో కొన్నిట్లో బ్లేడ్లు కొడవలిలా వంగి ఉన్నాయి, ఒకదాంట్లో ఒక బ్లేడు విమానంనుంచి విడిపోయినట్టే ఉంది. చప్పుడు లేకుండా తీయొచ్చని ఎలక్ట్రానిక్ షటర్ పెట్టాను. దానివల్లేనా?


పాతఇంజన్ | సోమవారం, రాత్రి 8:55

దానివల్లే. చాలా కెమెరాల్లో ఎలక్ట్రానిక్ షటర్ సెన్సర్‌ని ఒకేసారి చదవదు, వరుస తర్వాత వరుసగా పైనుంచి కిందికి చదువుతుంది. పై వరుస చదివేటప్పుడు బ్లేడు ఒకచోట ఉంటుంది, కింది వరుసకి వచ్చేసరికి ఇంకోచోటికి పోతుంది. అందుకే వంపు. 1/2000 పెట్టినా ఆ చదివే సమయం మారదు, కాబట్టి వంపు పోదు. ప్రొపెల్లర్ ఉన్న ప్రతి విమానానికీ మెకానికల్ షటర్ పెట్టండి. స్టాక్డ్ సెన్సర్ ఉన్న కెమెరాలు గబగబా చదువుతాయి గనక వాటిలో వంపు బాగా తక్కువ. 2023లో సోనీ ప్రకటించిన ఏ9 3 అయితే గ్లోబల్ షటర్‌తో మొత్తం సెన్సర్‌ని ఒకే క్షణంలో చదువుతుంది, దానికి ఈ జబ్బే లేదు. దానికోసం కెమెరా మార్చాల్సిన పనిలేదు, మీ మెకానికల్ షటర్ చాలు.


షటర్‌చప్పుడు | సోమవారం, రాత్రి 9:30

నల్లటి కడుపుల గురించి ఎవరూ చెప్పలేదు.

మీటర్ చూసేది ఆకాశాన్ని. ఆకాశం వెలుగుగా ఉంది కదా అని ఎక్స్‌పోజర్ తగ్గిస్తుంది, విమానం చీకట్లోకి పోతుంది. నేను మాన్యువల్‌లో ఉంటాను. ఎండ పడుతున్న గడ్డిమీద మీటర్ చూసి అదే ఉంచేస్తాను, మబ్బు అడ్డమొస్తేనే మారుస్తాను. మాన్యువల్ అలవాటు లేకపోతే ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్ +0.7 నుంచి +1.3 దాకా పెట్టండి. ఆకాశం పాలిపోతే పోనివ్వండి.

అంతకంటే ముఖ్యం, కడుపు తీయడం మానేయండి. పైలట్ రెక్క వాల్చి పైభాగం మనవైపు చూపిస్తూ వంపుగా వెళ్ళే ఘడియ ఒకటి ప్రతి మంచి ప్రదర్శనలోనూ వస్తుంది. స్పిట్‌ఫైర్ రెక్క దీర్ఘవృత్తంలా ఉంటుందని చదువుకుంటాం, ఆ ఆకారం నిండుగా కనిపించేది అప్పుడే. దానికోసం బఫర్ (కార్డులోకి వెళ్ళేలోపు ఫోటోలు ఆగే కెమెరా మెమరీ) ఖాళీ ఉంచుకోండి. అంతకుముందు కడుపులమీద ఫోటోలు దంచేసి, పైభాగం చూపించే సమయానికి కెమెరా బిగుసుకుపోయి కూర్చున్నవాళ్ళని ఎంతమందిని చూశానో.

మిట్టమధ్యాహ్నం ఎండలో ఐఎస్ఓ 100, 1/80 అంటే ఎఫ్/16 దాటిపోతుంది. పదును తగ్గుతుంది, సెన్సర్‌మీది దుమ్మంతా ఆకాశంలో చుక్కలై కనిపిస్తుంది. వెలుగుని రెండు స్టాపులు తగ్గించే ఎన్‌డీ ఫిల్టర్ ఒకటి దగ్గర పెట్టుకోండి. ఆ వేళకి కాంక్రీటు మీదనుంచి లేచే వేడి ఆవిరిలో దూరంగా ఉన్న విమానం ఎలాగూ కరిగిపోయినట్టు పడుతుంది, ఏ లెన్సూ దాన్ని బాగుచేయలేదు. పొద్దున, సాయంత్రం తీయండి.


నూనెమరక | మంగళవారం, ఉదయం 5:50

నేను ఫోటోగ్రాఫర్‌ని కాను. ముప్పై ఏళ్ళు పాత పిస్టన్ ఇంజన్ల దగ్గర పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్నవాడిని. అందరూ ఆకాశంవైపే చూస్తున్నారు గనక నేలమీద సంగతి నాలుగు మాటలు చెబుతాను.

నేలమీద ఉన్నప్పుడు విమానం తన ఒళ్ళంతా చూపిస్తుంది. రేడియల్ ఇంజన్ (సిలిండర్లు చుట్టూ చక్రంలా ఉండేది) కింద ఒక రేకు పళ్ళెం పెట్టి ఉంటుంది చూడండి. కింది సిలిండర్లలోకి నూనె దిగుతుంది, అది బొట్టుబొట్టుగా కారుతుంది. ఆ నూనె సిలిండర్‌లో నిండి ఉండగా ఇంజన్ తిప్పితే లోపల కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది, అందుకే స్టార్ట్ చేసే ముందు ఇద్దరు ముగ్గురు కలిసి ప్రొపెల్లర్‌ని చేత్తో, బ్లేడు తర్వాత బ్లేడుగా లాగుతారు. ఆ చేతులు తీయండి. మొహాలు తీయండి. ఆ తర్వాత స్టార్ట్ అవుతుంది, లోపల మిగిలిన నూనె కాలి నీలంగా, తెల్లగా పొగ ఒక్కసారిగా చిమ్ముతుంది. రెండు మూడు క్షణాల్లో ప్రొపెల్లర్ గాలికి కొట్టుకుపోతుంది. లాగడం చూడగానే సిద్ధమైతేనే ఆ పొగ దొరుకుతుంది. అప్పుడు ప్రొపెల్లర్ ఇంకా నిదానం, విమానం కదలదు, 1/30కి కూడా తీయొచ్చు.

తోకచక్రం ఉన్న విమానంలో పైలట్‌కి ముక్కు అడ్డం, ఎదురుగా ఏమీ కనిపించదు. అందుకే ట్యాక్సీ చేసేటప్పుడు పాములా అటూ ఇటూ వంకర్లు తిరుగుతూ, పక్కనుంచి తల బయటికి పెట్టి చూసుకుంటూ వస్తాడు. ఒక్కో వంకరకి ఒక్కో పక్క మీకు చిక్కుతుంది. రెండు వైపులా ముక్కు ఫోటోలు కావాలంటే అంతకంటే మంచి చోటు లేదు.

గుడ్డ కప్పిన పాత బైప్లేన్‌ని పొద్దున్నే ఏటవాలు వెలుగులో దగ్గరగా చూడండి. రెక్కలోని చెక్క పక్కటెముకలకి గుడ్డని దారంతో కుట్టిన ముడులు, పైన అతికించిన పట్టీ రంపపు పళ్ళ అంచు, అన్నీ నీడతో పైకి తేలతాయి. పది నిమిషాల తర్వాత ఎండ పైకొస్తే మాయమవుతాయి.

కాక్‌పిట్ గాజుమీద మెరుపు తగ్గించాలని పోలరైజర్ పెట్టేవాళ్ళకి ఒక మాట. అది గాజు కాదు, వంచి మలిచిన యాక్రిలిక్. పోలరైజర్‌లోంచి చూస్తే దానిలోని ఒత్తిళ్ళు ఇంద్రధనుస్సు చారల్లా కనిపించొచ్చు. ఫిల్టర్ తిప్పి చూసుకుని, చారలు ఎక్కువైతే తీసేయండి.

చివరిది, ఇది అన్నిటికంటే ముఖ్యం. తాడు దాటి వెళ్ళకండి. అనుమతి ఉన్నా ప్రొపెల్లర్ తిరిగే దారిలో నిలబడకండి, బ్లేడుమీద చెయ్యి వేయకండి. మాగ్నెటో (ఇంజన్‌కి నిప్పురవ్వ ఇచ్చేది) తీగ ఒకటి తెగి ఉంటే స్విచ్ ఆపినా ఇంజన్ ఒక్క దెబ్బ కొడుతుంది. ఫోటోకోసం బ్లేడుకి ఆనుకుని నిలబడేవాళ్ళని చూస్తే ఇప్పటికీ నాకు చెమటలు పడతాయి.


మేఘమాల | మంగళవారం, ఉదయం 7:15

నూనెమరక గారూ, దయచేసి ఇంకా రాయండి. మీలాంటివారు మాకు అరుదుగా దొరుకుతారు. హార్వర్డ్ శిక్షణ విమానం అంత కర్కశంగా ఎందుకు అరుస్తుందో కూడా చెప్పరూ?


నూనెమరక | మంగళవారం, ఉదయం 8:02

హార్వర్డ్‌లో 600 హార్స్‌పవర్ వాస్ప్ ఇంజన్, గేర్ లేదు. ప్రొపెల్లర్ 9 అడుగులు. 2250 చుట్లకి బ్లేడు కొస సెకనుకి 320 మీటర్లు దాటుతుంది, దానికి ముందుకెళ్ళే వేగం కూడా కలుస్తుంది. ధ్వని వేగానికి అంచుల్లో ఉందన్నమాట. ఆ అరుపు ఇంజన్‌ది కాదు, బ్లేడు కొసలది. పాతఇంజన్ గారు చెప్పిన గేర్ ఎందుకో ఇది వింటే చెవులకే తెలుస్తుంది.


నీలిరెక్క | మంగళవారం, రాత్రి 9:40

నేను విన్యాసాలు చేస్తాను, పిట్స్‌లోనూ ఎక్స్‌ట్రాలోనూ. సీట్లోంచి చూసేవాడిగా ఒకటి చెబుతాను, ఎక్కువమంది ఫోటోగ్రాఫర్లు దీన్ని వాడుకోవడం లేదనిపిస్తుంది.

హ్యామర్‌హెడ్. నిలువుగా పైకి లాగి, వేగం చచ్చిపోయేదాకా ఆగి, సరిగ్గా ఆగబోయే ముందు రడర్ (తోకని పక్కకి తిప్పే పలక) పెడల్ పూర్తిగా తొక్కుతాం. విమానం రెక్కమీద గిరుక్కున తిరిగి ముక్కు కిందికి వస్తుంది. ఆ పై కొసన గాలిలో వేగం దాదాపు లేదు, ఇంజన్ మాత్రం పూర్తి శక్తిమీద ఉంటుంది. విమానం నిలిచి ఉంది, ప్రొపెల్లర్ 2700 తిరుగుతోంది. నిదానమైన షటర్‌కి ఇంతకంటే మంచి చోటు ఆకాశంలో లేదు. అక్కడ ప్యానింగే అక్కర్లేదు, కెమెరా కదలకుండా పట్టుకుంటే చాలు. తిరగడం మొదలుకాకముందే నొక్కండి. పైన ఉన్నప్పుడు పొగ కూడా కిందనుంచి నిలువు స్తంభంలా నిలబడి ఉంటుంది.

దొర్లే విన్యాసాలు దీనికి పూర్తిగా వ్యతిరేకం. లోమ్చోవాక్ తెలుసు కదా, 1960లో బ్రాటిస్లావాలో మొదటి ప్రపంచ ఏరోబాటిక్ ఛాంపియన్‌షిప్ గెలిచిన లాడిస్లావ్ బెజాక్‌తో ముడిపడిన విన్యాసం. దానిలో విమానం మొత్తం అన్ని దిక్కులకీ పొర్లుతుంది. 1/125కి తీస్తే ఏదీ నిలవదు. 1/500కి పోండి, ఎక్స్‌ట్రా బ్లేడుకి అప్పుడు కూడా 32 డిగ్రీల మసక ఉంటుంది.

వీలైతే అరెస్టీ గుర్తులు నేర్చుకోండి. స్పెయిన్ పైలట్ హోసే లూయిస్ అరెస్టీ పేరుమీద ఉన్న గీతల లిపి అది, ఒక్కో విన్యాసాన్నీ ఒక్కో బొమ్మగా రాస్తారు. పోటీల్లో మేం ఎగిరేది ఆ కాగితం ప్రకారమే, కాక్‌పిట్‌లో ఎదురుగా అతికించుకుంటాం. అది చదవగలిగితే తర్వాత ఏం వస్తుందో మీకు ముందే తెలుస్తుంది.

పొగ గురించి: పారాఫిన్ నూనెని వేడి ఎగ్జాస్ట్‌లోకి చిమ్ముతాం, ఆవిరై బయట చల్లబడి తెల్లగా కనిపిస్తుంది. సూర్యుడు పొగ వెనక ఉంటే అది వెండిలా వెలుగుతుంది. అప్పుడు పొగ కాలిపోకుండా ఎక్స్‌పోజర్ ఒక స్టాప్ తగ్గించండి.


త్వరపడు | బుధవారం, మధ్యాహ్నం 1:10

ఇన్ని కష్టాలు ఎందుకండీ? 1/2000కి పదునుగా తీసి, తర్వాత సాఫ్ట్‌వేర్‌లో బ్లేడ్లని గుండ్రంగా మసక చేస్తే సరిపోతుంది కదా.


పాతఇంజన్ | బుధవారం, మధ్యాహ్నం 2:25

చేయొచ్చు, చేసి అలా చేశానని చెబితే నాకు అభ్యంతరం లేదు. చెప్పకుండా పెడితే మాత్రం ఉంది. అసలు మసకలో చాలా సంగతులుంటాయి. బ్లేడ్ల కొసల పసుపు రంగు సన్నని ఉంగరంలా వస్తుంది. ఎండ ఒక పక్కనుంచి తగిలితే చక్రంలో ఒక భాగం మెరుస్తుంది, మిగతాది చీకటిగా ఉంటుంది. తేమ ఎక్కువున్న పొద్దుటిపూట బ్లేడు కొసలనుంచి ఆవిరి తీగలు సుడి తిరుగుతూ వెనక్కి పోతాయి. 80 ఏళ్ళు దాటిన యంత్రం ఆ క్షణంలో ఎలా ఉందన్నదానికి ఇదంతా సాక్ష్యం. దాన్ని చేత్తో దిద్దితే ఆ సాక్ష్యం పోతుంది. నాకు అది ముఖ్యం.


కొత్తకెమెరా | మూడు వారాల తర్వాత, ఆదివారం, రాత్రి 10:30

ఇవాళ ఇంకో షోకి వెళ్ళొచ్చాను. 430 తీశాను, ఉంచుకున్నవి 9. మొదటిసారిలా బాధ లేదు.

ఎక్స్‌ట్రా హ్యామర్‌హెడ్ పై కొసకి చేరుతుంటే నీలిరెక్క గారి మాట గుర్తొచ్చి 1/100కి దిగాను. మూడు ఫ్రేములు వచ్చాయి, మధ్యది అద్భుతంగా పడింది. చక్రం నిండుగా ఉంది, రెక్కమీద ప్రతి గీతా తెలుస్తోంది, కింద పొగ స్తంభం. షటర్‌చప్పుడు గారి మెట్లు దిగుతూ టైగర్ మాత్‌ని 1/125కి తీశాను, అది కూడా జతచేస్తున్నాను. నిదానంగా, తక్కువ ఎత్తులో వచ్చింది. పైలట్ తోలు టోపీ, కళ్ళద్దాలు కనిపిస్తున్నాయి.


నూనెమరక | ఆదివారం, రాత్రి 11:05

బాబూ, టైగర్ మాత్ ఫోటో పెద్దది చేసి పై రెక్క ముందు అంచు చూడు. చివరల దగ్గర సన్నని సందు కనిపిస్తోంది కదా? అవి స్లాట్లు. వేగం బాగా తగ్గినప్పుడు వాటంతటవే తెరుచుకుంటాయి, వేగంగా పోతుంటే గాలి వాటిని మూసేసి ఉంచుతుంది. నువ్వు నిదానంగా వచ్చింది అన్నావు చూడు, ఎంత నిదానమో ఆ సందు చెబుతోంది. కింది రెక్కమీద ఏలరాన్ (విమానాన్ని పక్కకి వాల్చే పలక) కూడా కొంచెం కిందికి వాలి ఉంది. టైగర్ మాత్‌కి ఏలరాన్లు కింది రెక్కలకే ఉంటాయి. పక్కగాలి ఏదో తగిలింది, పైలట్ సర్దుకుంటున్నాడు.


కొత్తకెమెరా | ఆదివారం, రాత్రి 11:20

గంటనుంచి ఆ ఫోటోనే చూస్తున్నానండీ, ఆ సందు నాకు కనిపించనే లేదు. అమ్మాయి ఇంకా మేలుకునే ఉంది, పిలిచి ఇద్దరం పెద్దది చేసి చూస్తున్నాం. కుడివైపు స్లాట్ ఎడమదానికంటే కొంచెం ఎక్కువ తెరుచుకున్నట్టుంది. అది కూడా ఆ పక్కగాలివల్లేనా?